గుజ్జు కెనడాది, గాయం కమలాపురానిది

కెనడాతో వాణిజ్య చర్చలు మొదలైన ప్రతిసారీ ఒక ప్రశ్న తలెత్తుతుంది: కలప గుజ్జుపై దిగుమతి సుంకాన్ని ఎత్తేయాలా, ఉంచాలా? దౌత్య సంబంధాలు చెడి 2023లో నిలిచిపోయిన చర్చలను మళ్లీ పట్టాలెక్కించాలని 2025 నవంబరులో జొహానెస్‌బర్గ్ జీ-20 సదస్సు వేళ ఇరు దేశాల ప్రధానులు అంగీకరించడంతో అది మరోసారి ముందుకొచ్చింది. మసూర్ పప్పు, బఠాణీ, పొటాష్‌తో పాటు కెనడా మనకు అమ్మే ముఖ్యమైన సరుకుల్లో కలప గుజ్జు ఒకటి. సుంకం తీసేస్తే కాగితం, రేయాన్ బట్ట చౌకవుతాయని, మన చెట్లు మిగులుతాయని ఒక వాదన. తీసేస్తే సరుగుడు, సుబాబుల్, జామాయిల్ వేసిన రైతు మునుగుతాడని మరో వాదన. రెండు పక్షాలూ సుంకం చుట్టూనే తిరుగుతున్నాయి. నా దృష్టిలో చిక్కు సుంకం దగ్గర లేదు. మన కర్రకు ధర ఎక్కడ పుడుతోంది, ఆ సంగతి రైతుకు ఎప్పుడు తెలుస్తోంది అన్నదగ్గర ఉంది.

ముడిసరుకు దిగుమతి అంటే ఏమిటో విశాఖకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రుషికొండ ఒడ్డున నిలబడితే రేవులో చోటు కోసం లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు కనిపిస్తాయి. సొంత గనులు లేక ఇనుప ఖనిజాన్ని కొనుక్కుని, కోకింగ్ బొగ్గును సముద్రాల మీదుగా తెప్పించుకుని నడిచే ఉక్కు కర్మాగారం ప్రపంచ ధరలు ఎగసినప్పుడల్లా ఎలా కుదేలవుతుందో ఈ నగరం మూడు దశాబ్దాలుగా చూస్తోంది. కాగితం పరిశ్రమ సంగతి వేరు. రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్, సారపాకలోని ఐటీసీ, కాగజ్‌నగర్‌లోని సిర్పూర్ మిల్లు, పార్వతీపురానికి ఆవల రాయగడలో ఉన్న జేకే పేపర్, వీటన్నిటి గనులూ మన పల్లెల్లోనే ఉన్నాయి. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా ఇసుక నేలల్లో, మెట్ట చెల్కల్లో పెరిగే సరుగుడు, ప్రకాశం, గుంటూరు, కృష్ణా జిల్లాల సుబాబుల్, ఖమ్మం వైపు జామాయిల్ ఆ గనులు. ఉక్కులో ప్రపంచ ధర ఎగసినప్పుడు కర్మాగారానికి తగిలే దెబ్బ, ఇక్కడ ఆ ధర పడిపోయినప్పుడు నేరుగా రైతుకు తగులుతుంది.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవాలి. మొదట్లో మిల్లులు అడవి వెదురు మీద బతికాయి. రాజమహేంద్రవరం మిల్లుకు గోదావరి, విశాఖ ఏజెన్సీల వెదురే ఆధారం. వెదురును ప్రభుత్వాలు ఎంత చౌకగా ఇచ్చేవంటే, కేరళలో మావూరు గ్వాలియర్ రేయాన్స్‌కు టన్ను ఒక్క రూపాయికి ఇస్తామని రాసిచ్చారు. అడవి తరిగింది, గిరిజనుడి బుట్టకూ తట్టకూ వెదురు కరవైంది, చివరకు మావూరు మిల్లూ మిగల్లేదు. 1988 జాతీయ అటవీ విధానం దీనికి అడ్డుకట్ట వేసింది. అటవీ ఆధారిత పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతులతో పెంచించుకుని కొనుక్కోవాలని, అడవి సరుకును రాయితీ ధరకు ఇచ్చే పద్ధతి పోవాలని చెప్పింది. ఆ తర్వాతే భద్రాచలం క్లోన్ల పేరుతో జామాయిల్ మొక్కలు ఊరూరికీ చేరాయి. కూలీలు దొరక్క, వేరుశనగ, జొన్న గిట్టక, పిల్లలు పట్నాలకు వెళ్లిపోయి ఒంటరైన రైతులు సరుగుడు నాటారు. అది అడవికి మేలు చేసిన విధానం, అందులో సందేహం లేదు. అయితే అడవి నుంచి రైతు భుజం మీదికి మారిన బరువులో ధర భయం కూడా ఉందని నాడు ఎవరూ లెక్కించలేదు. 1991 తర్వాత గుజ్జు దిగుమతికి తలుపులు తెరుచుకున్నప్పుడు కూడా లెక్కించలేదు.

గుజ్జు అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు సరుకులున్నాయని ఇక్కడ చెప్పాలి. ఒకటి కాగితం గుజ్జు. రెండోది రేయాన్ గుజ్జు: కర్రలోని సెల్యులోజ్‌ను 90 శాతానికి పైగా శుద్ధి చేసి, రసాయనాల్లో కరిగించి, విస్కోస్ నూలు తీయడానికి వాడేది. మొదటిదానికి పోటీ దిగుమతి కాగితంతో, పాత కాగితంతో. రెండోదానికి పోటీ పత్తితో, పాలియెస్టర్‌తో. అందుకే పత్తి ధర పెరిగితే రేయాన్ గుజ్జు ధర పెరుగుతుంది. కమలాపురం గుజ్జు మిల్లు కథ అర్థం కావాలంటే ఈ తేడా తెలియాలి.

ఇప్పటి ములుగు జిల్లా మంగపేట మండలంలో, గోదావరికి దగ్గర్లో ఏపీ రేయాన్స్ పేరుతో వెలిసిన మిల్లు అది. 1980ల ఆరంభం నుంచి రేయాన్ గుజ్జు తీసింది. తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్‌ చేతిలో నడిచింది. దాని సరుకుకు ప్రధాన కొనుగోలుదారు ఒక్కరే, విస్కోస్ పీచు తయారుచేసే గ్రాసిమ్. ఆ గ్రాసిమ్ ఉన్న బిర్లా సంస్థ 1998లోనే కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలో ఆథల్‌విల్ గుజ్జు మిల్లును, 2006లో అదే రాష్ట్రంలోని నాకవిక్ మిల్లును, 2011లో స్వీడన్‌లోని డొమ్‌షోను, 2012లో ఒంటారియోలోని టెర్రేస్ బేను తీసుకుంది. వ్యాపార దృష్టితో చూస్తే అది తప్పు కాదు. ముడిసరుకు కొరత ఉన్న దేశంలోని కంపెనీ, ముడిసరుకు ఉన్న దేశానికి వెళ్లింది. 2010-11లో పత్తి ధరలు ఆకాశానికంటినప్పుడు రేయాన్ గుజ్జు టన్ను 2,000 డాలర్లు దాటింది. ఆ ధర చూసి ప్రపంచమంతా మిల్లులు రేయాన్ గుజ్జు వైపు మళ్లాయి. మూడేళ్లు తిరిగేసరికి ధర 900 డాలర్ల దిగువకు జారింది.

ఆ జారుడులో చైనా తన రైతును కాదు, తన మిల్లును కాపాడుకుంది. అమెరికా, కెనడా, బ్రెజిల్ రేయాన్ గుజ్జుపై 2013 నవంబరులో తాత్కాలికంగా, 2014 ఏప్రిల్ ఆరంభంలో ఖరారుగా యాంటీ డంపింగ్ సుంకాలు వేసింది. ప్రపంచంలో అతి పెద్ద కొనుగోలుదారు తలుపు వేసుకుంటే ఆ సరుకు మిగతా తలుపులు తడుతుంది. అదే 2014 ఏప్రిల్‌లో కమలాపురం మిల్లు ఆగింది. కారణాలు ఒక్కటి కాదు: కర్ర ధర, కరెంటు ఖర్చు, కంపెనీ అప్పులు, కొనే ఒక్కరికీ విదేశాల్లో సొంత గుజ్జు ఉండటం. చైనా సుంకమే మిల్లును మూయించిందని నేను అనను. బీజింగ్‌లో ఆ నిర్ణయం తీసుకున్న నెలలోనే మంగపేట మండలంలో పొగగొట్టం చల్లారడం మాత్రం మనం గుర్తుంచుకోవలసిన సంగతి. తెలంగాణ ప్రభుత్వం రాయితీలు ప్రకటించినా మిల్లు తిరిగి నడవలేదు. 2020లో బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

కెనడా ఊరుకోలేదు. 2014 అక్టోబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చైనాపై ఫిర్యాదు చేసింది. 2017 ఏప్రిల్ 25న వెలువడిన నివేదిక, ధర పతనానికి ఇతర కారణాలను చైనా సరిగ్గా పరిశీలించలేదని కెనడా వాదనలో ముఖ్యభాగాన్ని సమర్థించింది. చైనా మళ్లీ విచారణ జరిపి సుంకాన్ని కొనసాగించింది. గెలిచిన దేశానికి కూడా పెద్దగా ఒరిగిందేమీ లేదు. టెర్రేస్ బే మిల్లును రేయాన్ గుజ్జుకు మార్చాలన్న ఆలోచన నెరవేరలేదు. 2024 జనవరిలో ఆ మిల్లు ఆగిపోయి దాదాపు 400 మంది పని పోయింది. గోదావరి ఒడ్డు ఊరికీ, సుపీరియర్ సరస్సు ఒడ్డు ఊరికీ పదేళ్ల తేడాతో ఒకే గతి పట్టింది. గుజ్జు వాణిజ్యంలో గెలిచే దేశం, ఓడే దేశం అని గీత గీసి చూపలేం. ఏ దేశంలోనైనా ఒకే మిల్లు మీద, ఒకే కొనుగోలుదారు మీద ఆధారపడ్డ ఊరు ముందు ఓడిపోతుంది.

ఇక రైతు లెక్కకు వద్దాం. ఒక టన్ను కాగితం గుజ్జుకు సుమారు నాలుగు నుంచి నాలుగున్నర టన్నుల పచ్చి కర్ర కావాలి, రేయాన్ గుజ్జుకు అంతకన్నా ఎక్కువ. 2022 చివర్లో చైనా రేవుల్లో జామాయిల్ గుజ్జు టన్ను 800 డాలర్లు దాటింది. 2023 మధ్యకు 500 డాలర్ల సమీపానికి పడింది. నాటి మారకం విలువతో వంద డాలర్లంటే దాదాపు 8,200 రూపాయలు. మిల్లుకు కరెంటు, రసాయనాలు, జీతాలు, వడ్డీ తగ్గవు. కర్ర ధర ఒక్కటే చేతిలో ఉంటుంది. వంద డాలర్ల పతనాన్ని మొత్తం కర్ర మీదే మోపితే టన్ను కర్రకు దగ్గరదగ్గర 2,000 రూపాయలు కోత పడుతుంది. ఇప్పుడు సుంకం సంగతి చూడండి. టన్ను 500 డాలర్ల గుజ్జుపై ఐదు శాతం సుంకం ఉందనుకుంటే అది 25 డాలర్లు. ఎత్తేసినా, ఆ భారమంతా రైతు మీదే పడినా, టన్ను కర్రకు 500 రూపాయలు. సుంకం మీద ఢిల్లీలో ఏళ్ల తరబడి సాగే వాదులాట అంతా, ప్రపంచ ధర ఒక్క కుదుపులో చేసే నష్టంలో ఒక చిన్న భాగం గురించి. రైతు సంఘాలు సుంకాన్ని పట్టుకుని పోరాడటం సహజమే కానీ, అది దక్కినా వారికి రక్షణ దక్కదు.

అలాగని సుంకాలు అక్కర్లేదని కాదు. సుంకం పని చేసే చోటు వేరే ఉంది. ఆసియాన్ దేశాలతో 2010లో అమల్లోకి వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద ఇండోనేషియా వంటి దేశాల కాగితం సుంకం లేకుండా వస్తోంది. మామూలుగా కాగితంపై ఉన్న సుంకం పది శాతం. మిల్లు విదేశీ గుజ్జు కొనాలంటే సుంకం కట్టాలి, అదే గుజ్జు కాగితమై ఆసియాన్ నుంచి వస్తే సుంకం లేదు. 2023-24లో కాగితం, అట్ట దిగుమతులు 19 లక్షల టన్నులు దాటాయి. ముందటి ఏడాదితో పోలిస్తే మూడో వంతు పెరుగుదల అది. కాపీయర్ కాగితంపై 2018లో యాంటీ డంపింగ్ సుంకాలు, 2022లో దిగుమతుల ముందస్తు నమోదు, 2025 ఆగస్టులో వర్జిన్ మల్టీ లేయర్ అట్టపై టన్నుకు 67,220 రూపాయల కనీస దిగుమతి ధర, ఇవన్నీ కన్నం పడిన చోట వేసిన మాట్లు. దిగుమతైన గుజ్జు మన మిల్లులో కాగితమైతే కనీసం ఆ మిల్లు బతుకుతుంది, రైతు కర్రకు కొనేవాడు మిగులుతాడు. దిగుమతైన కాగితం రైతుకు కొనేవాడినే లేకుండా చేస్తుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ చేటో విధాన నిర్ణేతలు ముందు తేల్చుకోవాలి. ఆసియాన్ ఒప్పంద సమీక్షలో కాగితం గట్టిగా పట్టుబట్టాల్సిన విషయం. కెనడా ఒప్పందంలో గుజ్జు ఇచ్చిపుచ్చుకోదగిన విషయం. మన వాళ్లు దీన్ని తలకిందులుగా చూస్తున్నారని నా ఆందోళన.

చౌక గుజ్జు ఎక్కడిదన్నది కూడా తెలుసుకోవాలి. కెనడాలో అడవుల్లో అత్యధిక భాగం ప్రభుత్వ భూమి. స్ప్రూస్ చెట్టు కోతకు రావడానికి అరవై, ఎనభై ఏళ్లు పట్టినా, ఆ కాలానికి వడ్డీ కట్టుకునే రైతు అక్కడ లేడు. బ్రెజిల్‌లో జామాయిల్ ఆరేడేళ్లకే కోతకొస్తుంది. లక్షల హెక్టార్లు ఒకే కంపెనీ చేతిలో ఉంటాయి. 2024లో సుజానో కంపెనీ రిబాస్ దో రియో పార్దోలో మొదలుపెట్టిన ఒక్క మిల్లు సామర్థ్యమే ఏటా 25 లక్షల టన్నులకు పైమాట. భూపరిమితి చట్టాలున్న మన దేశంలో అది సాధ్యం కాదు, కాకూడదు కూడా. రెండు, మూడెకరాల రైతులు వేలమంది కలిసి ఒక మిల్లును పోషించే పద్ధతిలో కర్ర ఖరీదు ఎక్కువే. కానీ ఆ డబ్బు ఊళ్లలో తిరుగుతుంది. గుజ్జు పరిశ్రమ పొరుగు దేశాల మధ్య ఎంత చిచ్చు పెట్టగలదో ఉరుగ్వే చూపింది. ఉరుగ్వే నది ఒడ్డున ఫ్రై బెంతోస్‌లో ఫిన్లాండ్ కంపెనీ కట్టిన మిల్లుపై అర్జెంటీనా అంతర్జాతీయ న్యాయస్థానానికెక్కింది. ముందుగా తెలియజేయాల్సిన బాధ్యతను ఉరుగ్వే ఉల్లంఘించిందని, కాలుష్యం మాత్రం రుజువు కాలేదని 2010 ఏప్రిల్ 20న తీర్పు వచ్చింది. గుజ్జును కొనుక్కునే దేశం ఈ కాలుష్యాన్ని, నీటి ఖర్చును కూడా ఇంకొకరి నేల మీదికి పంపుతోందన్న పర్యావరణవాదుల మాటను కొట్టిపారేయలేం. జామాయిల్ నేలలో నీరు పీల్చేస్తుందన్న మన రైతుల భయాన్నీ అంతే. రెండూ నిజాలైనప్పుడు, గుజ్జు పూర్తిగా తెచ్చుకోవడమూ పూర్తిగా మానుకోవడమూ పరిష్కారం కాదు.

అన్నిటికన్నా మనకు పనికొచ్చే పాఠం ఆ న్యూ బ్రన్స్‌విక్‌లోనే ఉంది. మన దేశపు కంపెనీ మిల్లులు నడిపే ఆ రాష్ట్రంలో అడవిలో సగం ప్రభుత్వానిది, దాదాపు 30 శాతం చిన్న కమతాల యజమానులది. ఆ చిన్న యజమానుల తరఫున ధర మాట్లాడటానికి చట్టబద్ధమైన ఏడు మార్కెటింగ్ బోర్డులున్నాయి. ప్రభుత్వ అడవి కర్ర చౌకగా దొరకడం వల్ల తమ బేరశక్తి తగ్గిందని ఆ బోర్డులు మొరపెట్టుకుంటున్న మాట నిజమే. అయినా మిల్లు గేటు దగ్గర ఒంటరి రైతు నిలబడాల్సిన దుస్థితి అక్కడ లేదు. ఫిన్లాండ్‌లో అడవుల్లో దాదాపు 60 శాతం సాధారణ కుటుంబాల ఆస్తి. ఏ ప్రాంతంలో ఏ రకం కర్ర ఎంతకు అమ్ముడైందో ప్రభుత్వ పరిశోధన సంస్థ క్రమం తప్పకుండా ప్రకటిస్తుంది. మన దగ్గర సుబాబుల్, జామాయిల్ అమ్మకాలను మార్కెట్ కమిటీల పరిధిలోకి తెచ్చారు, ధరలు ప్రకటించారు, కంపెనీలతో ఒప్పందాలు రాయించారు. ప్రపంచ ధర పడ్డ ఏడాది ఆ ప్రకటిత ధర కాగితం మీదే ఉండిపోయింది. మార్కెట్‌తో ముడిపడని ధరను జీవోతో నిలబెట్టడం ఎవరివల్లా కాలేదు. తర్వాత కర్ర కొరత వచ్చి ధర పెరిగేసరికి చాలామంది అప్పటికే తోటలు తీసేశారు.

సరుగుడు రైతు పరిస్థితి ఇంకా బలహీనం. వంట చెరకు, సెంట్రింగ్ కర్రలు, మిల్లు అని మూడు గిరాకీలున్నా, నరికివేత కూలి, లారీ కిరాయి, దళారీ కమీషను పోగా చేతికొచ్చేది ముందుగా తెలియదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఈ తీరంలో తోటలు నేలమట్టమయ్యాయి. పడిపోయిన కర్ర అంతా ఒకేసారి అమ్మకానికొస్తే ధర ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. తుపాను నష్టానికి పంట పరిహారం లెక్కలున్నాయి. ధర పతనానికి ఏ లెక్కా లేదు.

దీర్ఘకాల ఒప్పందం ఎంత పని చేస్తుందో విశాఖకు స్వయంగా తెలుసు. బైలదిలా ఇనుప ఖనిజాన్ని ఏళ్ల తరబడి కొంటామని 1960లలో జపాన్ ఉక్కు కంపెనీలు కుదుర్చుకున్న ఒప్పందాల ఆసరాతోనే కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం పడింది, 1976 నాటికి రేవు వెలుపలి హార్బరు సిద్ధమైంది. కొనేవాడు పదేళ్ల మాట ఇస్తే కొండలు తొలిచి పట్టాలు వేశారు. నాలుగేళ్లు కళ్లల్లో వత్తులేసుకుని తోట కాచే రైతుకు మాత్రం నాలుగు నెలల మాట కూడా ఎవరూ ఇవ్వడం లేదు.

చేయాల్సినవి అసాధ్యమైనవి కావు. మొదటిది, కెనడా ఒప్పందంలో గుజ్జు సుంకాన్ని ఒక్కసారిగా కాక దశలవారీగా తగ్గించాలి. దిగుమతులు హఠాత్తుగా పోటెత్తి ధర పడిపోతే తాత్కాలికంగా సుంకం తిరిగి వేసుకునే నిబంధన రాసుకోవాలి. రేయాన్ గుజ్జుకు, కాగితం గుజ్జుకు వేర్వేరు షరతులుండాలి, ఎందుకంటే ఒకదాని గిరాకీ బట్టల మిల్లులది, మరొకదానిది కాగితం మిల్లులది. రెండోది, కర్ర ధరను గుజ్జు ధరతో ముడిపెట్టే సూత్రం. చెరకు విషయంలో చక్కెర ఆదాయంలో రైతు వాటా ఎంత ఉండాలో రంగరాజన్ కమిటీ 2012లో ఒక సూత్రం చెప్పింది. అదే తరహాలో, కింద ఒక కనీస ధర ఉంచి, ఆపైన దిగుమతి గుజ్జు సగటు ధరను బట్టి కర్ర ధర పెరిగేలా మిల్లులు, రైతులు, ప్రభుత్వం కలిసి రాసుకోవచ్చు. ధర పెరిగితే రైతుకు వాటా, పడితే రైతు ఒక్కడి మీదే భారం పడకుండా ఒక హద్దు. దిగుమతి ధరల సమాచారం కస్టమ్స్ దగ్గర ప్రతినెలా ఉంటుంది. దాన్ని తెలుగులో, మార్కెట్ యార్డు బోర్డు మీద, రైతు సేవా కేంద్రాల్లో పెట్టడానికి చట్టం కూడా అక్కర్లేదు. మూడోది, మిల్లు ఇచ్చే మొక్కతో పాటే కొనుగోలు ఒప్పందమూ ఇవ్వాలి. మొక్క అమ్మిన కంపెనీయే కోత నాడు మొహం చాటేస్తే అడిగే వేదిక జిల్లాలోనే ఉండాలి.

మిల్లుల అభ్యంతరం నాకు తెలుసు. ఇంత కట్టుబాటుంటే తమ ఖర్చు పెరిగి ఆసియాన్ కాగితం ముందు నిలవలేమంటారు. ఆ మాటలో పస ఉంది, అందుకే కాగితం సుంకం దగ్గర వారికి ప్రభుత్వం అండగా నిలవాలి. ఆ అండకు షరతుగానే కర్ర ధర సూత్రాన్ని పెట్టాలి. రక్షణ అడిగే పరిశ్రమ, తన ముడిసరుకు పండించేవారికి అదే రక్షణ ఇవ్వాలి. భారతీయుడి తలసరి కాగితం వాడకం ఏటా దాదాపు 16 కిలోలు, ప్రపంచ సగటులో మూడో వంతు కూడా లేదు. గిరాకీ పెరగబోతోంది. ఆ గిరాకీని ఎవరి కర్ర తీరుస్తుందన్నది ఈ ఒకటి రెండేళ్ల చర్చల్లో తేలిపోతుంది.

ఈ వర్షాలకు శ్రీకాకుళం, విజయనగరం తీరంలో నాటే సరుగుడు కోతకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కెనడాతో ఒప్పందం ఈలోగానే అమల్లోకి రావచ్చు. ఆ కర్రకు ఏ లెక్కన ధర కడతారో మొక్క నాటే నాడే రైతుకు చెప్పే బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవాలి. వాణిజ్య మంత్రిత్వ శాఖ ముందు రాష్ట్రం తరఫున ఈ మాట లిఖితపూర్వకంగా పెట్టాలి.